సోఫా ఉన్న గది, మా అరెకరం తోట

నాకు చదువు లేదు. సంతకం పెడతాను, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుని చదువుతాను, అంతే. అందుకే నోటితో చెబుతున్నాను. ఎక్కడైనా మాట మోటుగా ఉంటే ఉండనివ్వండి, దిద్దకండి.

మాది ముక్తేశ్వరం దగ్గర. మా ఆయన కొబ్బరి దింపు తీసేవారు. అంటే చెట్టెక్కి కాయలు కోసి దింపడం. కాళ్లకి తాడు తగిలించుకుని మనం మెట్లెక్కినట్టు ఎక్కేసేవారు. పైకి పోయేక మట్టల మధ్య దూరిపోతే కిందికి రెండు పాదాలే కనపడేవి. పెళ్లైన కొత్తలో నేను చెట్టు కింద నిలబడి, "నాకు భయమేస్తోందండీ, దిగిపోండి" అని ఏడుపు మొహం పెట్టేదాన్ని. "దిగిపోతే కూలి మీ నాన్నిస్తాడా?" అని పైనించి కేక. కాయలు పోగేసే ఆడాళ్లందరూ ఒకటే నవ్వు.

మాకూ ఓ ఎకరం తోట ఉండేది. మావగారు కూలి చేసి కొన్నది. అందులో సగం మా అత్తగారి కడుపు ఆపరేషన్‌కి పోయింది. అది తొంభైల్లో మాట. రాజమండ్రి తీసుకెళ్లేం. ఆవిడ బతికింది, మళ్లీ వంటింట్లో నా మీద పెత్తనం చేసింది, ఆ సంగతికి నాకేం బాధ లేదు. కానీ ఆస్పత్రివాళ్లు ఇంతని చెప్పిన రోజునే ఆయన తోట బేరం పెట్టేరు. కొన్నాయన కంచె వేయించుకున్నాడు. వేయించుకుని, మనిషి నమ్మకస్తుడని దింపుకి మా ఆయన్నే పిలిచేవాడు. తను నీళ్లు మోసి పెంచిన చెట్టు తనే ఎక్కి, కాయలు దింపి, కూలి తీసుకుని కంచె ఇవతలకి వచ్చేవారు. ఆ పూట అన్నం కలిపి కూర్చునేవారు, ముద్ద ఎత్తేవారు కాదు. "కూర బాగోలేదా?" అంటే "బాగుందే" అనేవారు. నోట్లో పెట్టకుండానే బాగుందంట.

ఆ తర్వాత పెద్ద తుఫాను వచ్చింది. కోనసీమలో ఎవర్నడిగినా చెబుతారు. తెల్లారి బయటికొచ్చి చూస్తే మిగిలిన అరెకరంలోనూ చెట్లన్నీ పడిపోయున్నాయి, ఒక్కటి తప్ప. ఊళ్లోవాళ్లు కొందరు చెట్లు పడిపోయిన తమ నేలల్లో చేపల చెరువులు తవ్వించుకున్నారు. మా ఆయన ఒప్పుకోలేదు. మళ్లీ మొక్కలు తెచ్చి పాతేరు. చంటిపిల్లల్ని సాకినట్టు సాకేం వాటిని. ఎండాకాలం నేనూ ఆయనా కాలవలోంచి కావిడేసి నీళ్లు మోసేం. నీళ్లు మోస్తూ దెబ్బలాడుకునేవాళ్లం, దెబ్బలాడుకుంటూ మోసేవాళ్లం. ఇప్పుడు తల్చుకుంటే ఆ రోజులే బాగున్నాయనిపిస్తుంది. భుజం మీద కాయ కాసింది, ఇప్పటికీ తడిమితే తెలుస్తుంది.

ఆ మొక్కలు కాపుకొచ్చే ముందు, రెండువేలు దాటేక, ఒకాయన మోపెడ్ మీద వచ్చేడు. ప్రైవేటు కంపెనీ ఆరోగ్య బీమా అన్నాడు. అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగిచ్చేం.

"ఏడాదికోసారి కట్టాలండి. ఆస్పత్రిలో పడితే ఒక హద్దు వరకు బిల్లు కంపెనీయే కడుతుంది. మీ జేబులోంచి పోయేది బాగా తగ్గిపోతుందండి" అన్నాడాయన.

"మా ఆయన చొక్కానే వేసుకోడు, ఇంక జేబెక్కడిదండీ" అన్నాను నేను.

ఆయన నవ్వేడు కానీ లేవలేదు. గట్టివాడు. నేనడిగేను, "రోగం రాకపోతే కట్టిన డబ్బు తిరిగిస్తారా?" అని. "ఇవ్వరండి" అన్నాడు. "అయితే డబ్బు కావాలంటే మేం రోగం తెచ్చుకోవాలన్నమాట" అన్నాను. నాకు ఒళ్లు మండిపోయింది. మా వైపు ఇంట్లో రోగం మాట ఎత్తితేనే "శుభమా అని కూర్చున్నాం, ఆ మాటలెందుకు" అని కసిరేస్తారు. అలాంటిది రాని రోగానికి ముందే డబ్బు కట్టి గుమ్మంలోకి పిలుచుకోవడమేంటి?

మా ఆయన మాత్రం కంచె అవతలికి చూస్తున్నారు. కాసేపటికి, "ఈ కాగితం ఉంటే తోట అమ్మక్కర్లేదాండి?" అని అడిగేరు.

"హద్దు దాటనంతవరకు అక్కర్లేదండి."

"ఆయ్, రాసెయ్యండి."

అంతే. ఇద్దరి పేర్లూ రాయించేరు. నాలుగు రోజులు నేను మాట్లాడలేదు. తర్వాత ప్రతి ఏడూ, కట్టాల్సిన నెల వచ్చేసరికి ఓ దింపు కాయల డబ్బు పక్కన పెట్టేవారు. నేను సణిగేదాన్ని. "ఈ ఏడు కూడా మీకేం రాలేదు, డబ్బు దండగ" అనేదాన్ని. "రాకూడదనే కడుతున్నానే పిచ్చిదానా" అనేవారు.

అలా కొన్నేళ్లు గడిచేక, ఓ రోజు పొద్దున్నే సగం చెట్టు ఎక్కి ఆగిపోయేరు. పైకీ పోరు, కిందికీ రారు. చెట్టుని వాటేసుకుని ఉండిపోయేరు. ఎలా దిగేరో ఆయనకే తెలీదు. దిగేక ఒళ్లంతా చెమట, ఎడం చెయ్యి లాగుతోందన్నారు. ఊళ్లో డాక్టరు చూసి, ఇక్కడ కాదు, కాకినాడ తీసుకెళ్లిపొమ్మన్నాడు. రేవులో గోదారి దాటించే పంటు అవతలి ఒడ్డున ఉంది. అది వచ్చేదాకా గట్టు మీద నా ఒళ్లో తల పెట్టుకుని పడుకున్నారు. గోదారి గాలికి కళ్లు మూసుకుని, "ఏమే, కాగితం తెచ్చేవా?" అన్నారు. మందులు కాదు, మంచినీళ్లు కాదు, కాగితం. బొడ్లో దోపుకున్నాను. చూపిస్తే అప్పుడు ఊరుకున్నారు. కోటిపల్లి రేవులో దిగి కారు మాట్లాడుకుని వెళ్లేం.

కాకినాడలో పరీక్షలు చేసి, గుండె రక్తనాళాలు మూసుకుపోయాయి, ఛాతీ తెరిచి ఆపరేషన్ చెయ్యాలన్నారు. కింద బీమా కాగితాలు తీసుకునే కిటికీ దగ్గర కూర్చున్న అమ్మాయి మా కాగితం చూసి, కంపెనీకి పంపించి, "ఒప్పుకున్నారమ్మా, ముగ్గురి గదిలో ఉండండి" అంది. అంటే ఒక గదిలో మూడు మంచాలు, మధ్యలో పచ్చ తెరలు. మా ఆయనది కిటికీ వైపు మంచం. నాకేం తప్పు అనిపించలేదు. ఫ్యాన్ తిరుగుతోంది, పక్కమంచం పెద్దాయన భార్య పలకరించింది, ఇంకేం కావాలి?

ఆ మర్నాడు మా వియ్యాలవారు వచ్చేరు. మా అమ్మాయిని ఉప్పలగుప్తం ఇచ్చేం. పెళ్లినాటికి వాళ్లూ మాలాంటి వాళ్లే. తర్వాత రొయ్యల చెరువులు కలిసొచ్చి మేడ కట్టేరు. మా వియ్యంకుడు, నేను అన్నయ్యగారంటాను, మనసు మంచిది, గొంతు పెద్దది. ఇస్త్రీ పంచె కట్టుకుని, వెనకాల ఆయన భార్య, మా వదినగారు, టిఫిన్ క్యారేజీ, అరటి గెల పట్టుకుని, మా అమ్మాయి ఫ్లాస్కు పట్టుకుని వచ్చేరు. గుమ్మంలో ఆగిపోయి మూడు మంచాలూ చూసేరాయన.

"ఏంటి చెల్లెమ్మా ఇది? మా బావగారిని సంతలో పడుకోబెట్టేరేంటి?"

"బాగానే ఉందండి అన్నయ్యగారూ."

"ఏం బాగు! రేపు మా వైపు వాళ్లు పదిమంది చూడ్డానికొస్తారు. ఎక్కడ కూర్చుంటారు? వీళ్లకి మర్యాద తెలీదని మా బంధువులు నన్నంటారు."

మా ఆయన చేతికి సూది ఉంది, ముక్కుకి గొట్టం ఉంది. అయినా తలెత్తి, "భోంచేసి వెళ్లండి బావగారూ" అన్నారు. ఆస్పత్రిలో ఎక్కడి భోజనం! మా వైపు మనుషులకి ప్రాణం పోతున్నా నోట్లోంచి ఆ మాట ముందొస్తుంది.

అన్నయ్యగారు కిందికెళ్లి మాట్లాడుకొచ్చేరు. గంటలో మా ఆయన్ని మూడో అంతస్తుకి మార్చేరు. ఏసీ గది. టీవీ, అద్దాల బీరువా, గోడ పొడుగునా మెత్తటి సోఫా. "గది అద్దె తేడా నాది. మీరు మాట్లాడకండి" అన్నారు. సోఫాలో కూర్చుని ఓసారి ఊగి చూసుకున్నారు. మా ఆయన సిగ్గుపడ్డారు, సంతోషపడ్డారు కూడా. వియ్యంకుడు అంత ప్రేమ చూపిస్తే ఎవరికుండదు? నేనూ సంతోషపడ్డాను. ఆపరేషన్ ఎల్లుండి పొద్దున్న అన్నారు.

తెల్లారి ఆ కిటికీ దగ్గర అమ్మాయి నాకు కబురంపింది. వెళ్లేను.

"అమ్మగారూ, గది మార్చుకున్నారట. మీ పాలసీలో గది అద్దెకి హద్దుందండి. ఈ గది దానికి రెట్టింపు ఉంటుంది."

"తేడా మా అన్నయ్యగారు ఇస్తారమ్మా."

"అద్దె తేడా ఒక్కటే కాదండి. ఇక్కడ పెద్ద గదిలో ఉన్నవాళ్లకి డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటరు, అన్నీ పెద్ద గది రేటునే వేస్తారు. కంపెనీ ఏమో మీ హద్దు ఈ గది అద్దెలో ఎంత వంతో చూసి, ఆ బిల్లులన్నింట్లోనూ అంత వంతే కడుతుంది."

నాకు సగమే ఎక్కింది. మళ్లీ చెప్పమన్నాను. మళ్లీ చెప్పింది, విసుక్కోలేదు.

"అంటే, సోఫా మెత్తగా ఉందని గుండెకి కూడా సగమే ఇస్తారన్నమాట."

పిల్ల నవ్వాపుకోలేకపోయింది. "దాదాపు అంతేనండి. ఆపరేషన్ ముందే పాత గదికి వెళ్లిపోతే ఇబ్బంది ఉండదు. అయ్యేక నేనేం చెయ్యలేను."

మెట్ల మీద కూర్చుండిపోయేను. మిగిలిన సగం బిల్లంటే మా అరెకరమే. ఇంకోటి లేదు మాకు. నీళ్లు మోసిన చెట్లన్నీ కంచె అవతలికి పోతాయి. ఆయన లేచి ఇంటికొచ్చి దాన్ని చూడాలి. ఆ గుండె కుట్టించి ఏం లాభం?

పైకెళ్లి ఆయనతో చెప్పేను. కళ్లు మూసుకుని విన్నారు. "బావగారు నలుగురిలో తెచ్చి పెట్టిన గది. దిగిపోతే మొహం మీద కొట్టినట్టు ఉంటుందే. పిల్ల ఆ ఇంట్లో ఉంది" అన్నారు.

"తోటో?"

ఆయన కంటి పక్కనుంచి నీళ్లు కారి చెవిలోకి పోయేయి. ఆయన ఏడవగా అప్పుడే చూసేను. నేను కొంగుతో తుడిచి, "సరే, నేను చూసుకుంటాను, మీరు నిద్రపోయినట్టు పడుకోండి" అన్నాను.

మధ్యాహ్నం వియ్యాలవారు వచ్చేరు. నాకూ మొదట మర్యాదే నోట్లోకి వచ్చింది. "అన్నయ్యగారూ, మీ బావగారికి ఈ ఏసీ పడట్లేదండి. రాత్రంతా వణికేరు. కింద గదికి పోతామండి" అన్నాను.

"దానికి గది ఎందుకమ్మా, ఏసీ కట్టేస్తే సరి" అని ఆయనే లేచి కట్టేసేరు.

"టీవీ రొదండి."

"పెట్టలేదు కదమ్మా అసలు!"

మంచం మీద మా ఆయన నిద్ర నటిస్తున్నారు కదా, దుప్పట్లో పొట్ట కదిలింది. నవ్వు. ఆ గుండెతో నవ్వు! నాకు ఒళ్లు మండింది. ఇంక అబద్ధం నా వల్ల కాలేదు.

"అన్నయ్యగారూ, ఈ గదిలో ఉంటే మా తోట పోతుందండి" అనేసేను. ఆ అమ్మాయి చెప్పిందంతా చెప్పేను. సోఫా, గుండె, సగం, అంతా.

అంతా విని ఆయన, "అయితే ఆ సగం కూడా నేనే ఇస్తాను. నావల్ల వచ్చింది కదా" అన్నారు. నిజంగానే ఇచ్చేవారు, అలాంటి మనిషే.

"మీరు ఇస్తారండి. మీరు మర్చిపోతారు కూడా. కానీ మీ ఇంట్లో మా పిల్ల కూర వండుతూ ఉప్పు ఎక్కువేసి ఓ మాట పడ్డా, నాకు ఆ డబ్బే గుర్తొస్తుందండి. ఆయన చొక్కా లేకుండా తిరిగినా ఎవరి దగ్గరా తల దించలేదండి. మమ్మల్ని కింద గదికి పోనివ్వండి. దణ్ణం పెడతాను."

మా అమ్మాయి గోడకి తిరిగి నిలబడింది. అన్నయ్యగారి మొహం ఎర్రబడింది. అప్పుడు మా వదినగారు, ఎప్పుడూ ఆయన మాటకి అడ్డు రాని మనిషి, అరటిపండు ఒలుస్తూ, "మీరేం అనుకోకండి వదినగారూ. ఈ గది మీవారి కోసం కాదు. ఈయనకి మెత్తగా లేకపోతే నడుం నిలవదు. పెళ్లిచూపులకొచ్చి మా ఇంట్లో పరుపు చూసే నన్ను ఒప్పుకున్నారు" అంది.

మంచం మీద నిద్రపోతున్నాయన పైకే నవ్వేసేరు. నర్సు పరిగెత్తుకొచ్చి అందర్నీ తిట్టింది. అన్నయ్యగారు కండువా దులిపి భుజాన వేసుకుని, "సరే పదండి, సంతలోకే పోదాం" అన్నారు. దిండు ఆయనే చంకన పెట్టుకుని మెట్లు దిగేరు.

ఆపరేషన్ ముగ్గురి గదిలోంచే వెళ్లి చేయించుకున్నారు. బాగా జరిగింది. కాస్త కోలుకున్నాక మళ్లీ అదే గదికి తెచ్చేరు. ఆ గది నాకిప్పటికీ కళ్లకి కట్టినట్టుంటుంది. పక్కమంచం పెద్దాయన పిఠాపురం వైపు, ఆ పక్కాయన తునివైపు. ఒకరి క్యారేజీ వస్తే మూడు మంచాలకీ కూర పంచేవాళ్లం. అన్నయ్యగారు రోజూ వచ్చి ఇనప స్టూలు మీద కూర్చునేవారు, నడుం పట్టుకుని. రెండు రోజులకే ముగ్గురికీ పెద్దమనిషైపోయేరు. పంచాయతీలు, పెళ్లి సంబంధాలు, రొయ్యల రేట్లు. "పైన గదిలో ఉంటే ఈ కబుర్లుండేవా బావగారూ" అని ఆయనే అనేవారు, అదేదో తనకి వచ్చిన ఆలోచనలాగ.

వచ్చేసే రోజున బిల్లు చూపించేరు. అసలు పెద్ద ఖర్చంతా కంపెనీ కట్టింది. చేతి తొడుగులు, దూది, మా తిండి, కార్లు, ఇంకేవో వాళ్ల లెక్కలోకి రానివి మా మీద పడ్డాయి. అవీ తక్కువేం కాదు. కానీ రెండు దింపుల కాయలమ్మితే తీరిపోయేయి. చెట్లు పోవాల్సిన చోట కాయలు పోయేయి. మోపెడ్ ఆయన చెప్పిన జేబు మాట నాకప్పటికి తలకెక్కింది.

తిరిగొచ్చేటప్పుడు పంటు మీద నిలబడే వచ్చేరు, కూర్చోమంటే కూర్చోలేదు. చెట్టెక్కొద్దని డాక్టరు గట్టిగా చెప్పేడు కాబట్టి, దింపుకి వేరే మనిషిని పెట్టేం. ఆ మనిషి పైన ఉంటే ఈయన కింద నిలబడి, "ఆ గెల లేత, ముట్టుకోకు! ఆ మట్ట విరగ్గొట్టేవ్!" అని ప్రాణం తీసేవారు. "డాక్టరు అరవొద్దన్నాడు కదా" అంటే, "అరవట్లేదే, చెబుతున్నాను" అనేవారు. వీధి చివరికి వినపడేట్టు చెప్పేవారు.

ఇంకా కొన్నేళ్లున్నారు. ప్రతి ఏడూ ఆ డబ్బు కట్టేం, నేను సణగడం మానేసేను. పోయింది గుండెతో కాదు, ఆస్పత్రిలోనూ కాదు. తోటలో నులకమంచం మీద, భోజనం చేసి పడుకున్నారు, లేవలేదు. ఆ మంచం కింద ఆయన చెప్పులు ఎలా వదిలేరో అలాగే ఉన్నాయి ఆ రోజంతా.

ఎక్కొద్దన్న చెట్టు ఒక్కసారి ఎక్కేరు. ఆపరేషన్ అయిన మరుసటేడు. నేను చీపురుతో దొడ్డి ఊడుస్తూ ఎందుకో తలెత్తితే, తుఫానుకి మిగిలిన ఆ ఒక్క పాత చెట్టు మీద, సగం పైన ఉన్నారు. నా పై ప్రాణాలు పైనే పోయేయి. నోటికొచ్చినట్టు తిట్టేను. ముసలోడివైపోయేవు, బుద్ధి లేదు, మళ్లీ కాకినాడ నేను తీసుకెళ్లను, పిల్ల మొహం గుర్తు లేదా, అన్నీ. ఎప్పుడూ మీరు తప్ప అనని దాన్ని, నువ్వు అనేసేను ఆ కంగారులో.

ఆయన చెట్టుని వాటేసుకుని, మెల్లిగా ఊపిరి తీసుకుంటున్నారు. బాగానే ఉన్నారు. తల తిప్పి చూస్తున్నారు, అటూ ఇటూ. నా తిట్లు అయిపోయేయి. చాలాసేపు చీపురు పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"ఏం కనపడుతోందండీ?" అని అడిగేను.

"గోదారి" అన్నారు. "రేవు కూడా. పంటు ఇటు వస్తోంది, మనుషులు లేరు." మళ్లీ ఇటు తిరిగి, "మన చెట్ల తలకాయలన్నీ పైనించి తీరిగ్గా చూట్టం ఇదే మొదలే. ఎంత పచ్చగా ఉన్నాయో" అన్నారు.

"ఇంకేం కనపడుతోంది?"

"కింద ఒకత్తి చీపురు పట్టుకుని నించుంది. దిగితే కొట్టేట్టుంది."

"కొట్టనండి, దిగండి" అన్నాను.

దిగేరు. మెల్లిగా, అడుగు అడుగూ ఆనించుకుంటూ. నేను చెట్టు మొదట్లో రెండు చేతులూ చాపి నిలబడ్డాను, ఆయన పడితే పట్టుకోగలిగినదాన్లాగ.